పరమాన్నంలో కలిపిన రెండు గరిటెల పాకం

2022 వేసవి. తిరుపతి నుంచి కరకంబాడి వెళ్లే దారిలో కొత్తగా లేచిన ఇళ్ల వరసలో ఒక గృహప్రవేశానికి వంట ఒప్పుకున్నాను. పొద్దున టిఫిను, ఆ తర్వాత నూట యాభై మందికి భోజనం. మా కేటరింగ్ వాళ్లకు అది చిన్న పని కిందే లెక్క. పెళ్లిళ్లయితే పొయ్యిలే ఎనిమిది పెట్టాలి. ఇక్కడ మూడు పొయ్యిలు, నలుగురు మనుషులు చాలు. ఇంత చిన్న పని పాతికేళ్ల నా వంట జీవితంలో పెద్ద పాఠం అవుతుందని అప్పుడు అనుకోలేదు.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా నాయన చిత్తూరు చుట్టుపక్కల పెళ్లి వంటలు చేసేవాడు. నేను ఆయన వెనకాలే తిరిగి నేర్చుకున్నాను. ఆడపిల్లకు ఇంట్లో పొయ్యి చాలదా, పందిట్లో పొయ్యి కూడా కావాలా అని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్లు. ఆ చుట్టాలే ఇప్పుడు వాళ్ల ఇళ్లలో శుభకార్యమంటే నాలుగు నెలల ముందు నుంచి నాకు ఫోన్లు చేస్తుంటారు. తేదీ ఖాళీ లేదని చెప్పడంలో నాకు కొంచెం సుఖం ఉందని ఒప్పుకుంటాను.

మా పనిలో బయటివాళ్లకు తెలియని కష్టం ఒకటుంది. నైవేద్యానికి పెట్టేది ఏదైనా సరే, వండేటప్పుడు రుచి చూడకూడదు. దేవుడికి పెట్టకముందే నాలుక మీద వేసుకుంటే అది ఎంగిలి. కాబట్టి ఉప్పు సరిపోయిందా, తీపి సరిపోయిందా అన్నది చెయ్యి, కన్ను, ముక్కు చెప్పాలి. తీపి వంటకాల్లో ఇది మరీ కష్టం, మరీ సులువు కూడా. ఎందుకంటే బెల్లం తన సంగతి తానే చెప్పేస్తుంది. పాకం పొంగే తీరు, నురగ రంగు, గరిటె ఎత్తితే జారే బరువు, వాసన, వీటిని బట్టి ఎంత తీపి ఉందో నాకు తెలిసిపోతుంది. చిత్తూరు బెల్లమైతే అచ్చు పగలగొట్టినప్పుడు వచ్చే చప్పుడుకే చెప్పగలను. పాతికేళ్లలో నేను చేసిన నైవేద్యం తీపి తప్పిందని ఎవరూ అనలేదు. ఆ గర్వం నాకు బాగా ఉండేది. ఈ కథంతటికీ మూలం ఆ గర్వమే.

గృహప్రవేశానికి వారం ముందు ఆ ఇంటావిడ కస్తూరి మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త మునిరత్నం తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడుపుతాడు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. కొండ మలుపుల మీద బస్సు నడిపే డ్రైవర్లంటే మా ఊళ్లో ఒక గౌరవం ఉంది. మనిషి నిదానస్తుడు, మాట తక్కువ. తీపి మాత్రం కనబడితే వదలడు. రెండేళ్ల కింద షుగర్ అని తేలింది. మొదట్లో లెక్క చేయలేదు. టిఫిన్ సెంటర్లో దొంగచాటుగా జిలేబీ తినడం, ఇంట్లో ఏమీ ఎరగనట్టు కూర్చోవడం జరిగేదట. చివరికి డాక్టరు గట్టిగా చెప్పేశాడు. షుగర్ అదుపులో లేకపోతే ఘాట్ మీద బండి నడపడానికి పనికిరావని రాయాల్సి వస్తుందని. ఆ మాటతో మనిషి పూర్తిగా మారిపోయాడు. గ్లూకోమీటర్ కొనుక్కున్నాడు. వేలు గుచ్చి ఒక చుక్క రక్తంతో షుగర్ చూసుకునే చిన్న మిషన్ అది. భోజనమైన రెండు గంటలకు చూసుకోవడం, నోటు పుస్తకంలో రాసుకోవడం, తిన్నదేదో దాని పక్కనే రాయడం. బస్సు కండిషన్ చూసుకున్నట్టే ఒంటిని చూసుకోవడం మొదలుపెట్టాడు.

కస్తూరి భయం ఏమిటంటే, గృహప్రవేశం రోజు కొత్త పొయ్యి మీద పాలు పొంగిస్తారు. ఆ పాలతోనే పరమాన్నం చేసి నైవేద్యం పెడతారు. ఇంటి యజమాని అది తినాలి. తినకుండా ఎట్లా? ఇన్నేళ్లు అద్దె ఇళ్లలో ఉండి కట్టుకున్న ఇల్లు, అందులో మొదటి ప్రసాదం. ఒక స్పూను తిన్నవాడు అక్కడితో ఆగుతాడన్న నమ్మకం ఆమెకు లేదు. రోగికి వేరే గిన్నె అని విడిగా చేసి పెడితే ఆయన ముట్టడట. అందుకని ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. నైవేద్యం పరమాన్నమే బెల్లం లేకుండా చేసేయాలి. పెద్ద గుండిగలో జనానికి చేసే చక్కెర పొంగలి మామూలుగానే ఉంటుంది. నైవేద్యం గిన్నె మాత్రం స్వీటెనర్‌తో, అంటే చక్కెర బదులు వాడే తీపి పొడితో. సంచిలోంచి ఒక చిన్న పెట్టె తీసి నా ముందు పెట్టింది. లోపల చిన్న చిన్న పొట్లాలు. ఒక్క పొట్లం గ్లాసు కాఫీకి సరిపోతుందట. కాఫీలో వేసుకోవచ్చని డాక్టరే చెప్పాడట.

నాకు మొదట నవ్వొచ్చింది. దేవుడికి కెమికల్ పొడి పెడతారా అన్నాను. కస్తూరి వెంటనే పంతులుగారికి ఫోన్ చేసి నా చేతికిచ్చింది. ఆయన భక్తి ముఖ్యమని ఏదో శ్లోకం చదివి, చివర్లో గొంతు తగ్గించి తాను కూడా కాఫీలో ఆ పొడే వాడుతున్నానని చెప్పాడు. ఇక నేనేం మాట్లాడతాను? సరేనన్నాను.

ఇక్కడ వంట సంగతి ఒకటి వివరించాలి, లేకపోతే నా తప్పు మీకు తెలియదు. పాలతో చేసే పరమాన్నంలో బెల్లాన్ని పొయ్యి మీద ఉండగా వేయకూడదు. కాగే పాలలో బెల్లం పడితే పాలు విరిగిపోతాయి. అందుకని బెల్లం పాకం విడిగా పట్టి, వడగట్టి, చల్లార్చి పెట్టుకుంటాం. అన్నం, పాలు చక్కగా ఉడికి దగ్గర పడ్డాక కిందికి దించి, వేడి కొంచెం తగ్గాక అప్పుడు పాకం కలుపుతాం. ఈ క్రమశిక్షణ మా నాయన నాకు తిట్లతో నేర్పించాడు. ఒకసారి పాలు విరగ్గొట్టి పందిట్లో అందరి ముందు చీవాట్లు తిన్నాను.

పొడి విషయంలో నాకు ఆ భయం అక్కర్లేదు అనిపించింది. బెల్లం కాదు కదా, పాలు విరగవు కదా. పైగా తెల్లటి పొడి, బరువు లేదు, పాకం లేదు, వడగట్టాల్సిన పని లేదు. ఎంత సులువో అనుకున్నాను. పాలు మరిగేటప్పుడే పెట్టెలోని పొట్లాలన్నీ చింపి పోసేశాను. ముందే వేస్తే తీపి అన్నంలోకి బాగా పడుతుందని నా తెలివి. పెట్టె మీద ఏదో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. చదవలేదు. పాతికేళ్ల వంటమనిషి పెట్టె మీద చదివి వండుతుందా?

ఆ రోజు సత్యనారాయణ వ్రతం అనుకున్నదానికంటే చాలాసేపు సాగింది. పంతులుగారు కథ నిదానంగా చెప్పారు. మధ్యలో బంధువులు వస్తూ పోతూ ఉన్నారు. నైవేద్యం వేడిగా ఉండాలి కాబట్టి గిన్నెను సన్న సెగ మీద పెట్టే ఉంచాను. పాలు అడుగంటకుండా కలుపుతూ ఉన్నాను. దాదాపు గంటన్నర. పరమాన్నం చూడ్డానికి చాలా బాగా వచ్చింది. మీగడ కట్టి, నెయ్యి తేలి, జీడిపప్పు, యాలకుల వాసనతో ఘుమఘుమలాడింది. కన్ను బాగుందంది. ముక్కు బాగుందంది. అయితే బెల్లం మాట్లాడినట్టు ఆ పొడి నాతో ఏమీ మాట్లాడలేదు. జిగురు లేదు, రంగు మారలేదు. అదంతే కాబోలు అనుకున్నాను.

నైవేద్యం అయింది. గిన్నె వంటచోటికి తిరిగి వచ్చింది. ప్రసాదం కదా అని అరచేతిలో కొంచెం వేసుకుని నోట్లో పెట్టుకున్నాను.

చప్పగా ఉంది. తీపి అన్న జాడే లేదు. ఉత్త పాలలో ఉడికిన అన్నం, నెయ్యి. ఇంకొంచెం తిన్నాను. అదే.

బయట హాల్లో పంతులుగారు ఆశీర్వచనం చదువుతున్నారు. ఇంకో పది నిమిషాల్లో మునిరత్నం దంపతులను విస్తరి ముందు కూర్చోబెడతారు. కస్తూరి అప్పటికే వచ్చినవాళ్లందరికీ చెప్పేసింది. ఈ పొద్దు మా ఆయన కూడా పరమాన్నం తింటాడు, అక్క పొడితో చేసింది, బెల్లంది ఏదో పొడిది ఏదో మీరే చెప్పండి అని. ఆడవాళ్లు రుచి చూడ్డానికి ఎదురుచూస్తున్నారు. పొట్లాలన్నీ అయిపోయాయి. మెడికల్ షాపు దగ్గర్లో లేదు.

కస్తూరిని పక్కకు పిలిచి పొడి పనిచేయలేదమ్మా, చప్పగానే తినిపించు అని చెప్పి ఉంటే సరిపోయేది. రెండు మాటలు. ఆ రెండు మాటలు నా నోట రాలేదు. నా చేతి తీపి తప్పిందని నా నోటితో నేను చెప్పడమా అనిపించింది. పక్కనే చక్కెర పొంగలి కోసం పట్టిన బెల్లం పాకం మిగిలి ఉంది. ఆయన తినేది ఎంత, ఒక స్పూను, అందులో పడే బెల్లం ఎంత అని నాకు నేనే చెప్పుకున్నాను. సాంబారు గరిటెతో రెండు గరిటెల పాకం గిన్నెలో పోసి కలిపేశాను. రంగు కొంచెం మారింది. కుంకుమపువ్వు వేసిందేమో అనుకుంటారులే అని కూడా అనుకున్నాను. అబద్ధంతో ఒకసారి చెయ్యి కలిపితే తర్వాతివన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి.

మునిరత్నం మొదటి ముద్ద తిని తల పైకెత్తి భార్య వైపు చూశాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండేళ్లుగా దూరమైన మనిషి ఎదురుపడితే చూసినట్టు చూశాడు. చక్కెర లేదు కదా, తినొచ్చు కదా అని మళ్లీ ఒకసారి అడిగాడు. తినొచ్చని కస్తూరి చెప్పింది. ఇంకో కప్పు వేయించుకున్నాడు. తర్వాత ఇంకోటి. మూడో కప్పు వేయడానికి గరిటె పట్టుకుని వంగింది నేనే. వడ్డించే చెయ్యి ఆగలేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఒకావిడ ఆ పొడి పేరు రాసుకుంది.

మధ్యాహ్నం సామాను సర్దుకుని కొర్లగుంటలో మా ఇంటికి వచ్చేశాను. మనసులో ఏదో గుచ్చుతున్నా, ఒక పూటకు ఏమవుతుందిలే అని పడుకున్నాను. సాయంత్రం అయిదు గంటలప్పుడు కస్తూరి ఫోన్ చేసింది. మెచ్చుకోవడానికే చేసింది పాపం.

"అక్కా, రెండేండ్లకు ఈ పొద్దు ఈయన కడుపునిండా తిని సంతోషంగా పండుకున్నాడు. లేసి మిషన్లో సూసుకుంటే మాత్రం మూడు నూర్లు దాటి ఉండాది. చక్కెర లేనిది తింటేనే ఇంతైతే ఎట్ల అని దిగులు పడతా ఉండాడు."

తర్వాత ఆమె ఇంకో సంగతి మామూలుగానే చెప్పింది. మునిరత్నం నోటు పుస్తకం ముందేసుకుని ఆలోచించి, తాను వేసుకునే మాత్ర ఇక పనిచేయడం లేదని తేల్చుకున్నాడట. తీపి తినలేదు, అయినా షుగర్ పెరిగింది, అంటే మాత్ర చాలడం లేదు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. అందుకని రాత్రికి ఒకటికి రెండు మాత్రలు, తెల్లవారుజామున ఇంకొకటి వేసుకుని పోతానంటున్నాడు. రేపు ఘాట్ మీద మొదటి ట్రిప్పు ఆయనదే. రెండు నెలల కింద ఇట్లాగే ఒక మాత్ర ఎక్కువ వేసుకుంటే చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు బైర్లు కమ్మాయని, అది ఇంట్లో కాబట్టి సరిపోయిందని ఆమే చెప్పింది. షుగర్ మరీ పడిపోతే అట్లా అవుతుందట. డాక్టరుకు ఫోన్ చేయమంటే వినడం లేదు, నువ్వైనా ఒక మాట చెప్పక్కా అంది.

ఆ ఘాట్ మలుపులు నాకూ తెలుసు. నెలకోసారైనా కొండకు పోతుంటాను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. బస్సు నిండా జనం, పిల్లలు, తలనీలాలకు పోయేవాళ్లు. స్టీరింగ్ ముందు చేతులు వణుకుతున్న మనిషి. ఆ మనిషి చేతులు వణకడానికి కారణం నేను.

"కస్తూరీ, రెండో మాత్ర ఏసుకోవద్దని సెప్పు. ఆ పరమాన్నంలో బెల్లం ఉండాది. నేనే కలిపినాను."

అవతల ఫోను చేతులు మారింది. మునిరత్నం గొంతు.

"ఎంత కలిపినావమ్మా?"

"రెండు గరిటెలు పాకం అన్నా."

"యా గరిటె? నెయ్యేసేదా, సాంబారు పోసేదా?"

"సాంబారుది."

సరే అని ఫోన్ పెట్టేశాడు. తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. ఆ మనిషి తిట్టలేదు. నోటు పుస్తకంలో రాసుకోవడానికి కావలసినది మాత్రం అడిగాడు.

ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆటో పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఇంకా వెలుతురు ఉంది. గుమ్మానికి మామిడాకులు పచ్చగానే ఉన్నాయి. మునిరత్నం మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. పక్కన మిషన్, పుస్తకం. నేను వచ్చేలోపే డాక్టరుతో మాట్లాడాడు. ఎక్కువ మాత్రలు వద్దు, రోజూ వేసుకునేదే వేసుకో, నీళ్లు తాగు, కాసేపు నడువు, మళ్లీ చూసుకో, రేపు పొద్దున వచ్చి కనపడు అని డాక్టరు చెప్పాడు. బండి తీయొద్దని కూడా చెప్పాడు. మునిరత్నం డిపోకు ఫోన్ చేసి మొదటి ట్రిప్పు వేరేవాళ్లకు ఇమ్మని చెప్పేశాడు. పద్దెనిమిదేళ్లలో ఇట్లా ఆఖరి గడియలో డ్యూటీ వదులుకోవడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది.

కస్తూరి గడపలో నిలబడింది. కూర్చోమనలేదు. నన్ను చూసి ఒకే మాట అంది.

"బస్సులో యాబై మంది ఉంటారక్కా."

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకు చేశానో చెప్పాను. పొడి వేసి ఉడికిస్తే తీపి పోయిందని, అందరి ముందు పేరు పోతుందని భయపడ్డానని, ఒక స్పూనే తింటాడనుకున్నానని, ఉన్నదున్నట్టు చెప్పాను. క్షమించమని అడిగాను. మునిరత్నం అంతా విన్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

"మా ఘాట్ బండ్లకు ఒక పద్ధతి ఉండాదమ్మా. నేను బండి దిగి ఇంకో డ్రైవరుకు ఇచ్చేటప్పుడు అన్నీ సెప్పి దిగాల. బ్రేకు కొంచెం లోపలికి పోతా ఉండాదనో, స్టీరింగు ఒక పక్కకు లాగతా ఉండాదనో సెప్తే, వాడు ఆ బండినే నిదానంగా దించుకొస్తాడు. సెప్పకుంటే బండి బాగుండాదనుకొని తోల్తాడు. బ్రేకు చెడిపోయేది ఎవురి తప్పూ కాదు. సెప్పకుండా దిగిపోయేదే తప్పు. నీ పొడి చెడిపోతే నేనేమీ అనుకోను. నువ్వు సెప్పకుండా దిగిపోయినావు."

ఆయన గొంతు పెంచలేదు. ఆయనే, దేవుడికి చప్పిడిది పెట్టి నాకు తీపిది పెట్టినావా అని నవ్వబోయాడు. కస్తూరి నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను.

మర్నాడు పొద్దున ఆయన షుగర్ చాలావరకు దిగింది. డాక్టరు దగ్గరికి పోతే మాత్రలు అవే సరిపోతాయన్నాడు. మూడో రోజు నుంచి మళ్లీ బండి ఎక్కాడు. ఇదంతా నాకు తర్వాత వారానికి కస్తూరి చెప్పింది. కోపం పూర్తిగా పోలేదు కానీ చెప్పింది. డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడట. బెల్లం లేకపోయినా మూడు కప్పుల పరమాన్నం తింటే షుగర్ పెరుగుతుంది, అందులో అన్నం ఉంది, పాలున్నాయి, పొడి వేస్తే పోయేది చక్కెర ఒక్కటే, అన్నం ఎక్కడికీ పోదు అని. చక్కెర లేదు అనగానే ఎంతైనా తినొచ్చని వాళ్లూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. అది విని నా తప్పు కొంచెం తగ్గిందని నేను అనుకోలేదు. అన్నం వల్ల పెరిగే షుగర్ ఆయన లెక్కకు అందుతుంది. నేను దాచిన బెల్లం అందదు.

పొడి సంగతి తెలుసుకుందామని మా వీధి మెడికల్ షాపులో అడిగాను. నడిపే పిల్లగాడు ఫార్మసీ చదివినవాడు, ఓపిగ్గా చెప్పాడు. ఈ పొడుల్లో రకాలున్నాయట. కస్తూరి తెచ్చినది అస్పర్టేమ్. అది కాఫీ, టీలో చివర్లో కలుపుకోవడానికి. ఎక్కువసేపు వేడి మీద ఉంటే విరిగిపోయి తీపి పోతుంది. సుక్రలోజ్ అనే ఇంకో రకం వేడికి చాలావరకు ఓర్చుకుంటుంది. పెట్టె వెనక ఆ చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది సరిగ్గా ఇదే, వంటకు పనికిరాదని. నేను దాన్ని దించాక కలిపి ఉంటే, అంటే బెల్లానికి మా నాయన చెప్పిన పద్ధతే పాటించి ఉంటే, ఆ రోజు తీపి ఉండేది. పాలు విరుగుతాయన్న భయం ఉన్నంత కాలం సరిగ్గా చేశాను. భయం లేదనుకున్న చోట పాడుచేశాను.

అప్పటి నుంచి షుగర్‌లెస్ అని ఎవరైనా అడిగితే ముందు ఆ పొడి తెచ్చి ఇంట్లో చిన్న గిన్నెలో చేసి చూస్తాను. నైవేద్యానిది కాదు కాబట్టి రుచి చూడొచ్చు. పెట్టె మీద రాసినది అద్దాలు పెట్టుకుని చదువుతాను. పాకం లేకపోతే హల్వా బిగుసుకోదని, లడ్డు నిలవదని, తీపి వస్తుంది కానీ చిక్కదనం రాదని ముందే చెప్పేస్తాను. కొందరు మొహం చిట్లించుకుని వేరే వంటవాళ్ల దగ్గరికి పోతారు. పోనీ.

నాలుగు నెలల తర్వాత రేణిగుంటలో ఒక పెళ్లికి వంట చేస్తున్నాను. మునిరత్నం కూడా ఆ పెళ్లికి వచ్చాడు. వాళ్లింటి నుంచి నాకు మళ్లీ పిలుపు రాలేదు, వస్తుందని నేను అనుకోలేదు కూడా. నన్ను చూసి పలకరించకుండా పోతాడనుకున్నాను. ఆయన పందిట్లోంచి నేరుగా పొయ్యిల దగ్గరికి వచ్చి, సేమ్యా పాయసం గుండిగ ముందు నిలబడ్డాడు. ఆ రోజు తనకు సెలవని చెప్పాడు.

"దీంట్లో ఏముండాదో సెప్పమ్మా. తెలిసి తింటాను."

చెప్పాను. సేమ్యా ఎంత, చక్కెర ఎంత, పాలు ఎంత, మూడు వందల మందికి ఎన్ని కేజీలు, ఒక కప్పులో సుమారుగా ఎన్ని స్పూన్ల చక్కెర పడుతుంది, అన్నీ. పొడి ఏమీ లేదు, అచ్చమైన చక్కెరేనని కూడా చెప్పాను. ఆయన మనసులో లెక్క వేసుకుని అర కప్పు పోయమన్నాడు. భోజనంలో అన్నం తగ్గించుకుంటానన్నాడు. నేను పోశాను. పొయ్యి పక్కనే నిలబడి, పొగ కళ్లలో పడుతున్నా పట్టించుకోకుండా, నిదానంగా తిన్నాడు. కప్పు నా చేతికిచ్చి బాగుండాదన్నాడు.

నేను చెప్పినదాన్ని ఆయన మళ్లీ అడగలేదు. అంతకుముందు ఒకసారి అబద్ధం పెట్టిన మనిషి చెప్పిన మాట మీద లెక్క వేసుకుని తిన్నాడు. ఆ సాయంత్రం మిషన్లో వచ్చే అంకెను కూడా ఆ లెక్క మీదే చూసుకుంటాడు. ఆ మర్నాడు కొండ మీదికి బండి కూడా ఆ లెక్క మీదే తోలుతాడు. గరిటె పట్టిన పాతికేళ్లలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు. ఒక మనిషి నన్ను నమ్మడం అంటే ఏమిటో తెలిసి భయపడింది మాత్రం ఆ రోజే.